దుమ్ము మీద బొట్టు

"మే పద్నాలుగున రేసింగ్ బ్రేకు ప్యాడ్లు ఒక సెట్టు తెప్పించావు. ఎవరి కోసం?"

మెకానిక్ సాయినాథ్ చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. గుడ్డతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆ స్పానర్‌కి అంత శుభ్రత అవసరం లేదని హిమజకి తెలుసు. జవాబు వెతుక్కునేవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవన్న సంగతి కూడా ఆమెకు తెలుసు.

న్యూ లిన్ రైల్వే స్టేషన్ వెనక ఉన్న ఆ షెడ్డులో గడియారం ఒంటిగంటా పదిహేను నిమిషాలు చూపిస్తోంది. మంగళవారం. రేపు ఉదయం తొమ్మిదింటికి సాయినాథ్ పోలీస్ స్టేషన్లో హాజరు కావాలి. అక్కడ అతని మీద కేసు పెడతారన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు, అతనికి కూడా. కేసు నిలబడితే షెడ్డు మూతపడుతుంది. ఈ దేశానికి స్టూడెంటుగా వచ్చి పదకొండేళ్ళు గొడ్డులా కష్టపడి సంపాదించుకున్న రెసిడెన్సీ, ఇక్కడే ఉండిపోయే హక్కు, కూడా గాల్లో దీపమే.

జరిగింది చెప్పడానికి రెండు ముక్కలు చాలు. శనివారం ఉదయం ఏడూ ఐదుకి శాండ్రింగ్‌హామ్‌లో సరోజ ఆంటీ పాలకని వీధి మూల డెయిరీ కొట్టుకి బయల్దేరి, జీబ్రా క్రాసింగ్ మీద రోడ్డు దాటుతోంది. హర్షవర్ధన్ గారి ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చి ఆమెను కొట్టి ఆగింది. ఆంటీ తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది, ఇంకా స్పృహ రాలేదు.

హర్షవర్ధన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. "నేను యాభైలోనే ఉన్నాను. బ్రేకు తొక్కాను. పట్టలేదు," అని పోలీసులకు చెప్పాడు. సోమవారం చక్రాలు విప్పి చూస్తే ముందు చక్రాల్లో రేసింగ్ ప్యాడ్లు బయటపడ్డాయి. మూడు వారాల కింద ఆ కారుకి కొత్త ప్యాడ్లు వేసింది సాయినాథ్.

ఆంటీ భర్త సుబ్బరామయ్య గారు హిమజను పిలిపించి చెప్పింది ఒకే ఒక్క మాట. "ఎవరో ఒకరు దొరికితే చాలని కాదమ్మా. ఎవరు చేశారో వాళ్ళనే చూపించు."

ఆయన ముందు సరేనన్నది గానీ, షెడ్డులో అడుగు పెట్టేసరికే హిమజ మనసులో దోషి సాయినాథే. రోడ్డు ప్రమాదాల దర్యాప్తులో పన్నెండేళ్ళు నలిగిన మనిషి ఆమె. ఎవర్ని చూసినా ముందు అనుమానం పుడుతుంది. ఆ అనుమానమే ఆమెకు అన్నం పెడుతోంది.

"రేసింగ్ ప్యాడ్లు నేను తెప్పియ్యలేదక్కా," అన్నాడు సాయినాథ్ చివరికి.

హిమజ మడిచిన కాగితం విప్పి అతని ముందు పెట్టింది. సప్లయర్ పంపిన జాబితా. సాయినాథ్ షెడ్డు పేరు, తారీఖు, ప్యాడ్ల నంబరు. హర్షవర్ధన్ కారు లాంటి కారుకి తప్ప ఇంకే కారుకీ పట్టని నంబరు.

అతని మొహం వాడిపోయింది.

"తెప్పిచ్చినా. కానీ మూడు వారాల కింద నేను హర్షా సార్ కారుకి ఏసింది అవి కాదు. రోడ్డు ప్యాడ్లు ఏసినా. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు నాకొద్దు. మేలో తెచ్చినవి ఎవరికిచ్చావు?"

"చెప్పలేనక్కా. మాట ఇచ్చినా."

"రేపు తొమ్మిదింటికి నీ మీద కేసు పెడుతున్నారు. ఇప్పుడు నీకు మాట ముఖ్యమా?"

సాయినాథ్ తల వంచుకున్నాడు. హిమజకి ఒళ్ళు మండింది. అబద్ధం ఒకటి చేతికి చిక్కింది. దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో!

"సరే, అది పక్కన పెట్టు. హర్షవర్ధన్ ఏం అడిగాడు? నువ్వేం వేశావు? మొదట్నుంచీ చెప్పు."

పని గురించి అడగ్గానే అతనికి గొంతు వచ్చింది. "సార్ వచ్చి, 'సాయినాథ్, తొక్కితే తొక్కిన చోటే ఆగిపోవాల, అట్లాంటి ప్యాడ్లు వెయ్యి' అన్యాడు. ఆయప్ప ఆరడుగుల రెండంగుళాలు ఉంటాడక్కా. ఆ కార్లో దూరాలంటే గొడుగు మడిచినట్టు మడవాల. అట్లాంటి మనిషికి ఆ కారు ఎందుకో నాకు ఇప్పటికీ తెల్దు. నేను చెప్పినా, 'సార్, ప్యాడ్లు మార్చినంత మాత్రాన కారు దగ్గర్లో ఆగదు. ఆపేది టైరు. మీ ముందు టైర్లు అరిగిపోయినాయి, ఫస్ట్ అవి మార్చండి' అని. మార్చినాడు. ప్యాడ్లు మాత్రం రేసింగ్‌వే కావాలన్యాడు. నేను ఒప్పుకోలే."

"ఎందుకు?"

"రేసింగ్ ప్యాడ్ వేడెక్కితేనే పట్టుకుంటాది. చలికాలం పొద్దున్నే ఇంట్లోనుంచి బండి తీసి మొదటి బ్రేకు తొక్కినామనుకో, జారిపోతాది. రోడ్డు ప్యాడ్ చల్లగా ఉన్నా టక్కున పట్టుకుంటాది. కానీ ట్రాక్ మీద పది రౌండ్లు కొట్టినామంటే ఉడికిపోయి చేతులెత్తేస్తాది. దేని పని దానిది. రోజూ ఆఫీసుకి పోయే మనిషికి రేసింగ్ ప్యాడ్ ఏసేదానికి నాకేమన్నా పిచ్చా?"

"వేశాక టెస్ట్ డ్రైవ్ చేశావా?"

"పదిసార్లు. అరవైకి పోవడం, పదికి తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ అరవైకి పోవడం. అట్లా చేస్తేనే కొత్త ప్యాడూ, అది పట్టుకునే డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. లేకపోతే ఎంత మంచి ప్యాడైనా దండగ."

చెప్పింది అక్షరాలా సరైనదే. అయితే పని బాగా తెలిసినవాడు అబద్ధం కూడా బాగానే చెప్పగలడు. హిమజ జేబులోంచి చిన్న పుస్తకం తీసింది.

"చూడు సాయినాథ్. డెయిరీ కెమెరాలో బస్టాప్ మూల ఒక్కటే కనిపిస్తుంది. బ్రేకు లైటు వెలిగింది అక్కడే. కారు ఆగింది అక్కడికి ఇరవై రెండు మీటర్ల దూరంలో. యాభైలో వస్తుంటే ఆ కారు పదకొండు మీటర్లలో ఆగాలి. ఇరవై రెండు పట్టిందంటే బ్రేకులు సగమే పని చేసినట్టు."

"డెబ్బైలో వస్తే?" అన్నాడు సాయినాథ్ చప్పున.

హిమజ అతని వంక తేరిపార చూసింది. ఆ లెక్క ఆమె నిన్న రాత్రే వేసింది. వేగం యాభై నుంచి డెబ్బైకి పెరిగితే ఆగే దూరం రెట్టింపు అవుతుంది. మంచి బ్రేకులతో డెబ్బైలో వచ్చినా ఇరవై రెండు మీటర్లే. దూరం ఒకటే, కథలు రెండు. బ్రేకులు పాడైతే తప్పు సాయినాథ్‌ది. బ్రేకులు బాగుంటే తప్పు డ్రైవరుది. తేల్చాల్సింది చక్రంలో ఉన్న ప్యాడే. చక్రం విప్పితే అందులో ఉన్నది రేసింగ్ ప్యాడ్.

"నువ్వు రోడ్డు ప్యాడ్లే వేశావని సాక్ష్యం ఏముంది?"

"నా బొట్టుంటాది."

"ఏ బొట్టు?"

సాయినాథ్ కొంచెం సిగ్గుపడ్డాడు. "మా నాయన ప్రొద్దుటూర్లో లారీ తోలేటోడు. బ్రేకు పని చేసిన ప్రతిసారీ డ్రైవర్ వైపు చక్రంలో ఒక్క ప్యాడ్‌కి, వెనక ఇనప రేకు మీద, పసుపు రాసి కుంకం బొట్టు పెట్టేటోడు. 'ఆగమన్న చోట ఆగు తల్లీ' అని మొక్కి బిగించేటోడు. నేనూ అంతే. కొత్త ప్యాడ్ ఏదైనా సరే, బొట్టు పెట్టకుండా బిగించను."

"ఒక్కదానికేనా? నాలుగింటికీ కాదా?"

"ఒక్కదానికే. నాలుగింటికీ పెట్టుకుంటా కూర్చుంటే అది పని కాదు, పూజ అయితాది."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"కివీ కస్టమర్లకి చెప్పను. ఈ దేశపోళ్ళు కదా, పెయింటు మరక అనుకుంటారు. శనివారం హర్షా సార్ ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతా ఉంటే మాత్రం చెప్పినా. నేను ఏసిన ప్యాడ్‌కి నా బొట్టుంటాది, విప్పి చూస్కోండి సార్ అని."

"ఎన్నింటికి?"

"పదకొండు అయితాంది."

హిమజ ఆ అంకె రాసుకుని, దాని కింద గీత గీసింది. నిన్న బయటికొచ్చిన ఇన్సూరెన్స్ రిపోర్టు ఆమె చదివింది. రేసింగ్ ప్యాడ్ల మీద కుంకుమ బొట్లు ఉన్నాయనీ, అవి మెకానిక్ పెట్టిన గుర్తులేననీ అందులో స్పష్టంగా ఉంది. ఆ సంగతి సాయినాథ్‌కి ఇంకా తెలియదు. తన మెడకి తనే ఉరితాడు పేనుకున్నానని తెలియక, ఆ బొట్టే తనను కాపాడుతుందని నమ్ముతూ నిలబడ్డాడు. ఆమెకు మొదటిసారి అతన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి మీద కూడా ఆమెకు అనుమానమే.

రెండూ ఇరవైకి హిమజ, ప్రమాదం జరిగిన కార్లు ఉంచే యార్డుకి చేరేసరికి రామమోహన్ గారు అప్పటికే ఎర్ర కారుకి చేరగిలబడి ఉన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున రిపోర్టు రాసింది ఆయనే. విజయవాడ మనిషి, యాభై దాటినవాడు, దాదాపు ఆరడుగుల ఎత్తు. హిమజ ఒకప్పుడు ఆయన దగ్గర రెండేళ్ళు పని చేసింది. తను రాసిన రిపోర్టు కింద ఆయన సంతకం పెట్టుకున్న రోజున మానేసింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"ఏమ్మాయ్, నా రిపోర్టుకి తప్పులు పట్టడానికొచ్చావా?"

"తప్పులుంటే పడతానండీ. లేకపోతే కాఫీ తాగి వెళ్తాను."

"కాఫీయే తాగు. గంట టైమిస్తున్నా. అదీ సుబ్బరామయ్య గారి మొహం చూసి."

యార్డు చూసుకునే సియోనె భారీ మనిషి, టోంగా దీవుల నుంచి వచ్చినవాడు. కారు తాళంచెవి ఇచ్చి ఒక మాట చెప్పాడు. శనివారం తొమ్మిదీ నలభైకి కారుని తెచ్చిన వెంటనే బ్యాటరీ వైరు పీకేశారు, అది యార్డు రూలు, అప్పట్నుంచి మళ్ళీ తగిలించలేదు. వైరుకి కట్టిన చీటీ కూడా చూపించాడు. చీటీ మీద సీలు అలాగే ఉంది.

హిమజ ముందు పెడల్ సంగతి తేల్చుకోవాలనుకుంది. ప్యాడ్ల కన్నా ముందు, బ్రేకు ఆయిల్ కారిపోయిందా, గొట్టాలు తెగాయా అన్నది చూడాలి. తను చక్రం దగ్గర కూర్చుని, "రామమోహన్ గారూ, కాస్త లోపల కూర్చుని పెడల్ తొక్కుతారా?" అంది.

ఆయన గొణుక్కుంటూ తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి కూలబడ్డారు. రెండు మోకాళ్ళూ ఠపీమని స్టీరింగ్‌కి తగిలాయి.

"అబ్బా! ఇదేం సీటమ్మా, ఇంత ముందుకి!" సీటు పక్కన చెయ్యి పెట్టి మీట నొక్కారు. మోటారు సీటు. కరెంటు లేదు, కదల్లేదు. విసుక్కుంటూ బయటికొచ్చి, బయటే నిలబడి ఒక కాలు లోపలికి చాచి పెడల్ తొక్కారు. "గట్టిగానే ఉంది. ఆయిల్ కూడా నిండుగా ఉంది. ఇదంతా నేను రాశాను, చదువుకోలేదా?"

"చదివానండీ. రాసింది నమ్మడం నాకు అలవాటు లేదు."

సియోనె జాకీ పెట్టి చక్రం తీశాడు. హిమజ చేతులకి గ్లోవ్స్ తొడుక్కుంది. ఆ కారులో ప్యాడ్లు తీయడం పెద్ద పనేం కాదు. ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ పైన ఉన్న రెండు పిన్నులు తడితే బయటికొస్తాయి, ప్యాడ్లు పైకి జారతాయి. తెలిసిన చేతికి చక్రానికి పది నిమిషాలు. ఆ అంకె కూడా హిమజ మనసులో వేసుకుంది.

డ్రైవర్ వైపు రెండు ప్యాడ్లూ, రెండో వైపు రెండు ప్యాడ్లూ తీసి తెల్ల కాగితం మీద పరిచింది. నాలుగింటి వెనకా ఎర్రగా, గుండ్రంగా బొట్లు.

"చూశావా?" రామమోహన్ గారి గొంతులో గర్వం దాగలేదు. "కివీవాళ్ళెవరైనా అయితే పెయింటు అని వదిలేసేవాళ్ళు. మనవాణ్ణి కాబట్టి నేను కనిపెట్టాను. ఇది కుంకం. మీ సాయినాథే హర్షవర్ధన్ గారికి ఫోన్లో చెప్పాడు, నా బొట్టుంటుందని. ఇంకేం కావాలి? వాడి సంతకం ఇది."

"మీకు చెప్పింది హర్షవర్ధన్ గారా?"

"సోమవారం పొద్దున ఫోన్ చేసి చెప్పారు. అయితే?"

హిమజ మళ్ళీ ప్యాడ్ల మీదికి వంగింది. నాలుగు బొట్లు. సాయినాథ్ పెట్టేది ఒక్కటి. అతను అబద్ధమైనా చెప్పి ఉండాలి, ఇవి అతని చేతి బొట్లైనా కాకపోయి ఉండాలి. ఆమె టార్చి తీసి ఒక ప్యాడ్‌ని మొహం దగ్గరగా పెట్టుకుంది. ప్యాడ్ అంచులు బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. ఇనప రేకుకి వేసిన రంగు పొక్కి, అక్కడక్కడా నీలం తేలింది. శాండ్రింగ్‌హామ్ రోడ్ల మీద తిరిగితే ప్యాడ్ ఇలా కాలదు. ఇది ట్రాక్ మీద బాగా మాడిన సరుకు.

కానీ బొట్టు మాత్రం ఇప్పుడే దేవుడి దగ్గర్నుంచి వచ్చినంత ఎర్రగా ఉంది.

"రామమోహన్ గారూ, మీ ఇంటి గృహప్రవేశం నాకు గుర్తుందండీ. మీ ఆవిడ గారు స్టవ్‌కి బొట్టు పెట్టి పాలు పొంగించారు. పాలు పొంగేసరికి ఆ బొట్టు ఏ రంగులో ఉంది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నల్లగా మాడిపోయింది. స్టవ్ పక్కన పెట్టిన బొట్టే పది నిమిషాల్లో మాడితే, రేకుని నీలంగా మార్చిన వేడికి ఈ బొట్టు ఎర్రగా ఎలా నిలిచింది?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. అనుభవం ఉన్న మనిషి, వెంటనే సర్దుకున్నారు. "పాత ప్యాడ్లు. ఎక్కడో ట్రాక్ మీద వాడి పారేసినవి తెచ్చి, కొత్తవని చెప్పి బిగించాడు. బిగించేటప్పుడు కొత్త బొట్టు పెట్టాడు. మూడు వారాలు ఊళ్ళో తిరిగితే అంత వేడెక్కదు. ఎర్రగానే ఉంటుంది. నీ మెకానిక్ నువ్వనుకున్న దానికన్నా పెద్ద దొంగ."

దెబ్బ గట్టిదే. హిమజకి కూడా అలా జరగలేదని గట్టిగా అనే ధైర్యం లేకపోయింది. మేలో తెచ్చిన ప్యాడ్ల గురించి సాయినాథ్ నోరు విప్పని సంగతి ఆమెను ముల్లులా గుచ్చుతోంది. డ్రైవర్ వైపు లోపలి ప్యాడ్‌ని టార్చి కింద మెల్లగా తిప్పింది. ఎర్ర బొట్టు అంచున, దాని కింద నుంచి సగం తొంగి చూస్తూ ఇంకో మచ్చ ఉంది. గుండ్రంగా, నల్లగా, రేకులోకి అంటుకుపోయిన మచ్చ. మిగతా మూడింటి మీద అలాంటిది లేదు.

ఒక్కదానికే. డ్రైవర్ వైపే. ఇదీ సాయినాథ్ బొట్టు. మేలో పెట్టినది, ట్రాక్ మీద మాడిపోయినది. పైనున్నది వేరే చెయ్యి.

ఆమె పర్సులోంచి సూది తీసి, ఎర్ర బొట్టు అంచుని కొద్దిగా గీరింది. కుంకుమ రేణువులు లేచి కాగితం మీద పడ్డాయి. వాటి కింద నల్లటి మెత్తటి పొర. దూదిపుల్ల అద్దితే దూది నల్లబడింది.

"ఇది చూడండి."

"బ్రేకు దుమ్ము. ప్రతి చక్రంలోనూ ఉంటుంది."

"ఉంటుంది. ఎక్కడుంది?"

రామమోహన్ గారు కళ్ళజోడు సవరించుకుని వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"బొట్టు పెట్టి బిగించాక మూడు వారాలు కారు తిరిగిందన్నారు మీరు," అంది హిమజ నెమ్మదిగా. "అలా అయితే దుమ్ము బొట్టు మీద పడాలి. ఎరుపు కనిపించకూడదు. ఇక్కడ దుమ్ము బొట్టు కింద ఉంది. ముందు దుమ్ము పట్టింది, తర్వాత ఎవరో దుమ్ము మీద బొట్టు పెట్టారు. పెట్టాక ఈ చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు."

సియోనెకి తెలుగు రాదు గానీ, ఇద్దరి మొహాలూ చూసి అతను కూడా రెండడుగులు దగ్గరికొచ్చాడు.

"అంటే..."

"అంటే కారు యార్డుకి వచ్చాక ప్యాడ్లు మార్చారు. శనివారం తొమ్మిదీ నలభై తర్వాత, సోమవారం మీరు విప్పే లోపు. ప్రమాదం జరిగినప్పుడు చక్రాల్లో ఉన్నవి ఇవి కావు."

"నువ్వు అనుకుంటే సరిపోతుందా? ఇక్కడికి ఎవరొచ్చి మారుస్తారు? మీ సాయినాథే గోడ దూకి వచ్చి ఉండొచ్చు!"

"వచ్చి, తన మీదకే నేరం వచ్చేలా రేసింగ్ ప్యాడ్లు పెట్టుకుని, పైన తన బొట్టు కూడా అలంకరించుకుని పోయాడంటారా? మీరు యార్డు రిజిస్టర్ చూశారా?"

"సామాన్ల రిజిస్టర్ నాకెందుకు?"

హిమజ సియోనె వైపు తిరిగింది. అతను అట్టల పుస్తకం తెచ్చి శనివారం పేజీ తీశాడు. ఒకే ఒక్క సంతకం. సాయంత్రం నాలుగూ పదికి లోపలికి, నాలుగూ నలభై ఐదుకి బయటికి. కారులో ఉండిపోయిన సామాన్లు తీసుకెళ్ళడానికి. పేరు నవీన, యజమాని భార్య.

ముప్పై ఐదు నిమిషాలు. చక్రానికి పది చొప్పున ఇరవై, జాకీ ఎత్తి దింపడానికి పదిహేను.

ఆ రోజు ఏం చూశావని సియోనెని అడిగింది. తను ఆఫీసులో రగ్బీ మ్యాచ్ చూస్తున్నానని ఒప్పుకున్నాడు అతను. ఆవిడ చక్రాల సూట్‌కేసుతో వచ్చిందట. బరువుగా ఉందని సాయం చేయబోతే వద్దందట. పోయేటప్పుడు కూడా అది అంతే బరువుగా ఉందట. కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది, చేతులు మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి, డిక్కీలో ఏదో ఒలికిందని చెప్పింది అన్నాడు.

రామమోహన్ గారి మొహంలో రంగు తగ్గింది. అయినా మాట తగ్గలేదు. "నవీన గారా? గట్టిగా ఐదడుగులుండే ఆవిడకి చక్రం విప్పడం వచ్చంటే ఎవరు నమ్ముతారమ్మా? ఆమె నాట్యం నేర్పుతుంది!"

"నేను చక్రం విప్పుతుంటే మీరు నమ్మారు కదండీ," అంది హిమజ.

ఆమె చూపు మళ్ళీ తెరిచి ఉన్న కారు తలుపు మీద పడింది. సీటు. స్టీరింగ్‌కి జానెడు దూరంలో ఉన్న సీటు. ఆరడుగుల రామమోహన్ గారికి మోకాళ్ళు ఇరుక్కుపోయిన సీటు. ఆరడుగుల రెండంగుళాల హర్షవర్ధన్, గొడుగులా మడిచినా, అందులో కూర్చుని బ్రేకు తొక్కలేడు. శనివారం తొమ్మిదీ నలభై నుంచి బ్యాటరీ లేదు. ఆ తర్వాత ఆ సీటుని అంగుళం కూడా ఎవరూ కదపలేరు.

హిమజ వెళ్ళి ఆ సీటులో కూర్చుంది. ఆమె ఐదడుగుల రెండంగుళాలు. మోకాలు ఎక్కడా తగల్లేదు, పాదం పెడల్ మీద తిన్నగా ఆనింది.

"రామమోహన్ గారూ," అంది అక్కణ్ణుంచే. "శనివారం ఈ కారు నడిపింది హర్షవర్ధన్ కాదు."

ఆయన మోకాళ్ళు ఒకసారి తడుముకున్నారు. తన రిపోర్టులో సీటు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదన్న సంగతి ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

హిమజ బయటికొచ్చి సాయినాథ్‌కి ఫోన్ చేసింది. మూడూ ఇరవై ఐదు.

"సాయినాథ్, ఇప్పుడైనా దాచకు. నువ్వు మాట ఇచ్చింది నవీనకేనా?"

అవతల నిట్టూర్పు వినిపించింది. "ఆయమ్మ ట్రాక్‌కి పోతాదక్కా. వారం మధ్యలో, సార్ ఆఫీసులో ఉన్నప్పుడు. సార్‌కి తెల్దు. తెలిస్తే కారు అమ్మేస్తాడని నాతో ఒట్టేయించుకునింది. మేలో ఆ రేసింగ్ ప్యాడ్లు ఆయమ్మ కోసమే తెప్పిచ్చినా. మొదటిసారి నేను బిగించినా, బొట్టు పెట్టి. ఆయమ్మ పక్కనే నిలబడి చూసింది, ఒక్కదానికే పెడతానని మాత్రం నేను చెప్పలే. మార్చేది కూడా నేర్పిచ్చినా. అప్పట్నుంచి పోయేముందు రేసింగ్‌వి ఏసుకుంటాది, వచ్చినాక రోడ్డువి ఏసుకుంటాది. నాకన్నా ఫాస్ట్."

హిమజ కళ్ళు మూసుకుని తెరిచింది. మాట నిలబెట్టుకోవడం కోసం జైలుకి పోవడానికి సిద్ధపడ్డ ఈ మనిషిని ఇప్పటిదాకా తను దొంగనుకుంది. సిగ్గేసింది.

"ఇప్పుడు నీ బొట్టున్న రోడ్డు ప్యాడ్లు కావాలి. వాటి మీద బొట్టుపైన మూడు వారాల దుమ్ము ఉంటుంది. ఈ ప్యాడ్లూ ఆ ప్యాడ్లూ పక్కపక్కన పెడితే చాలు, నువ్వు బయటపడ్డట్టే. ఆవిడ ఎక్కడ దాచి ఉంటుందో నీకేమన్నా..."

అంతలో పక్కన రామమోహన్ గారి ఫోన్ మోగింది. ఆయన రెండు మాటలు విని, హిమజ వంక అదోలా చూశారు.

"హర్షవర్ధన్ గారు. మీ సాయినాథ్ షెడ్డు వెనక పాత సామాన్ల డబ్బాలో ఒక సంచి ఉందట, అందులో కారుకి వెయ్యకుండా దాచేసిన రోడ్డు ప్యాడ్లున్నాయని ఎవరో ఆయనకి చెప్పారట. పోలీసులకి కూడా చెప్పేశారట, వాళ్ళు బయల్దేరారట." ఆయన గొంతులో ఇందాకటి గర్వం లేదు. చెబుతున్న మాట తనకే నచ్చనట్టు చెప్పారు. "ఎవరో చెప్పారట..." అని మళ్ళీ అనుకున్నారు.

హిమజ ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుంది. "సాయినాథ్! ఇవాళ నీ షెడ్డుకి ఎవరైనా వచ్చారా?"

"నువ్వు పోయినాక అరగంటకి ఆయమ్మే వచ్చింది. నేను కారు కింద ఉన్నా. ఏం మాట్లాడలే, వెనక్కి పోయి వచ్చేసింది. ఏడ్చినట్టుండాది."

"నీ పాత సామాన్ల డబ్బాలో ఒక సంచి ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. వింటున్నావా? చెయ్యి కూడా పెట్టకు!"

 అతని గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"అది నా చేతిలోనే ఉందక్కా. ఇప్పుడే ఇప్పినా. నాలుగు ప్యాడ్లు. నేను ఏసినవే."

"కింద పెట్టు. అలాగే కింద పెట్టు. దుమ్ము రాలకుండా..."

"దుమ్ము లేదక్కా."

"లేకపోవడమేంటి?"

"బొట్టు కనపడలే. మాది కాదేమో అని భయమేసింది. ఏది డ్రైవర్ వైపుదో తెల్లే, నాలుగూ తుడ్చి చూసినా. ఉండాది అక్కా, మా నాయన పెట్టినట్టే ఉండాది. కళ్ళకద్దుకున్నా."

 ఆ దుమ్ము మూడు వారాలు ఆ బొట్టుని కాపాడింది. దాన్ని తుడిచింది ఆ బొట్టు పెట్టిన చెయ్యే.

"దేంతో తుడిచావు? ఆ గుడ్డ ఎక్కడుంది? గుడ్డ జాగ్రత్తగా పెట్టు!"

"గుడ్డ యాడుందక్కా," అన్నాడు సాయినాథ్. అతని వెనక కారు తలుపులు మూసుకున్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. "నా చొక్కాకే తుడ్చినా. పోలీసోళ్ళు లోపలికి వస్తా ఉండారు."